అచ్చుకు ముందు చదివేవారు

సాహిత్య చరిత్రలు కవిని చూస్తాయి, కావ్యాన్ని చూస్తాయి, అవసరమైతే కృతిభర్తనూ చూస్తాయి. వ్రాతప్రతికీ పాఠకుడి చేతిలోని పుస్తకానికీ మధ్య కూర్చున్న మనిషిని మాత్రం చూడవు. ఏ ప్రతిని నమ్మాలో, ఏ పాఠాన్ని వదలాలో, ఏ పద్యాన్ని నిలపాలో తేల్చేది ఆ మనిషే. అతడు పండితుడు కావచ్చు, ప్రచురణకర్త కావచ్చు, ప్రూఫులు దిద్దే జీతగాడు కావచ్చు. విమర్శకుడు తీర్పు చెప్పడానికి చాలా ముందే, అచ్చుశాలలో ఒక తీర్పు జరిగిపోయి ఉంటుంది. ఆ తీర్పును విమర్శగా గుర్తించకపోవడం తెలుగు విమర్శలో పాత లోపం. దూరంగా ఉన్న ఒక ఊరిని పక్కన పెట్టుకొని చూస్తే ఈ లోపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఎర్రసముద్రపు ఒడ్డున, యెమెన్ సరిహద్దుకు చేరువలో ఉన్న రేవుపట్టణం జిజాన్. జాజాన్ అని కూడా అంటారు. తెలుగువారికి సౌదీ అరేబియా అంటే వీసా, కూలి, ఇంటికి పంపే డబ్బు. అక్కడి ఒక మారుమూల పట్టణానికి పుస్తకాల చరిత్ర ఉంటుందన్న ఊహ సాధారణంగా రాదు. 1975లో ఆ దేశంలో తొలి సాహిత్య క్లబ్బులు ఏర్పడినప్పుడు రియాద్, జెద్దా, మక్కా, మదీనా, తాయిఫ్‌ల సరసన జిజాన్‌కూ చోటు దక్కింది. రాజధాని, పుణ్యక్షేత్రాలు, వర్తకనగరం ఉన్న ఆ జాబితాలో ఈ చిన్న రేవు పేరు కనిపించడానికి ముఖ్యకారణం, అంతకు ముందు దశాబ్దాల్లోనే కొందరు అక్కడ చేసిన పని. వారిలో ప్రముఖులు కవి ముహమ్మద్ బిన్ అలీ అస్సనూసీ, చరిత్రకారుడు ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్ అకీలీ.

అకీలీది జిజాన్‌కు ఉత్తరాన ఉన్న సబ్యా. అతని పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది ‘అల్ మిఖ్లాఫ్ అస్సులైమానీ’ అన్న ప్రాంతీయ చరిత్ర. జిజాన్ సీమకు పాత పేరు అది. 10వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏకం చేసిన పాలకుడు సులైమాన్ పేరు మీద వచ్చింది. అయితే అకీలీ చరిత్రతో ఆగలేదు. 13వ శతాబ్దపు కవి ఇబ్న్ హుతైమిల్ కవితలను పరిష్కరించి వెలువరించాడు. బహ్‌కలీ రాసిన షరీఫ్ హమూద్ పాలనా చరిత్రను సంపాదకత్వం వహించి వెలుగులోకి తెచ్చాడు. స్థానిక మాండలికానికి నిఘంటువు కూర్చాడు. ఆ సీమలోని మొక్కల పేర్లు సేకరించాడు. ఊళ్ల పేర్లతో భౌగోళిక నిఘంటువు రాశాడు. ఒక చేతిలో రాజుల చరిత్ర, మరో చేతిలో పొలంగట్టు మీది మొక్క పేరు: చూసేవారికి ఇది చెల్లాచెదురైన ఆసక్తిగా కనిపించవచ్చు. నిజానికి ఇదంతా ఒకే పని. పాత వ్రాతప్రతిలో ఒక ఊరి పేరు చెదపట్టి సగం మిగిలితే, మిగతా సగాన్ని పూరించగలిగేది ఆ ఊరు తెలిసినవాడే. కవితలో అర్థంకాని మాట ఒకటి ఎదురైతే, అది లేఖకుడి తప్పో, ఆ ప్రాంతపు గొర్రెల కాపరులు నేటికీ వాడే పదమో తేల్చడానికి మాండలిక నిఘంటువు కావాలి.

ఇక్కడ ప్రచురణకర్త ప్రవేశిస్తాడు. అకీలీ భౌగోళిక నిఘంటువును ప్రచురించింది రియాద్‌లోని దార్ అల్ యమామా. దాన్ని నడిపినవాడు హమద్ అల్ జాసిర్. పాఠకుడిగా అతని వ్యసనం అరేబియా స్థలనామాలు. ఆ వ్యసనాన్నే అతడు ప్రచురణ ప్రణాళికగా మార్చాడు. దేశం మొత్తానికి భౌగోళిక నిఘంటువు కావాలనుకున్నాడు గానీ, రాజధానిలో కూర్చొని దాన్నంతా తానే రాయాలనుకోలేదు. ఏ సీమకు ఆ సీమ తెలిసిన రచయితను వెతికాడు. జిజాన్ సంపుటం అకీలీకి, కసీమ్ సంపుటం అల్ ఉబూదీకి దక్కాయి. తన ‘అల్ అరబ్’ పత్రికలో వ్రాతప్రతుల గురించి, పాఠాల గురించి చర్చలకు ఎడతెగని చోటిచ్చాడు. పుస్తకం వేశాక దాని తప్పుల మీద జరిగే చర్చకూ తానే వేదిక కల్పించే ప్రచురణకర్త ఏ భాషలోనైనా అరుదు.

అకీలీ వంటివారు కాగితాల ముందు కూర్చొని చేసే రోజువారీ పని ఎలాంటిదో తెలుసుకోకుండా ఆ పుస్తకాల విలువ కట్టలేము. అరబీలో బా, తా, సా అనే మూడు అక్షరాలకు మాట మొదట్లోనూ నడుమనూ ఆకారం ఒక్కటే. కింద ఒక చుక్కా, పైన రెండా, మూడా అన్నదే తేడా. పాత లేఖకులు ఆ చుక్కలను తరచు వదిలేస్తారు. పద్యమైతే పరిష్కర్తకు ఛందస్సు కొంత సాయం చేస్తుంది. అక్షరం జారిపోతే నడక కుంటుతుంది, చెవి పట్టేస్తుంది. కానీ చుక్క మారితే అర్థం తలకిందులవుతుంది గానీ నడక చెదరదు. అక్కడ ఛందస్సు చేతులెత్తేస్తుంది. ఆపైన పనికొచ్చేవి లోకజ్ఞానం, మొక్కల పేర్లు, ఊళ్ల పేర్లు.

తెలుగు పరిష్కర్తకు ఈ బాధ కొత్తేమీ కాదు. తాళపత్రంలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఎకార ఏకారాలకు, ఒకార ఓకారాలకు పాత లేఖకులు భేదం చూపరు. పద్యంలో గురువు కావలసిన చోట గురువును, లఘువు కావలసిన చోట లఘువును గణమే చూపిస్తుంది. యతి తప్పితే ఆ పాదంలో ఏదో జరిగిందని తెలుస్తుంది. ప్రాస తప్పితే ఎక్కడ జరిగిందో కూడా తెలుస్తుంది. కానీ ‘కల’ ‘కళ’గా మారితే? రెండూ రెండేసి లఘువులు. అది ప్రాసస్థానంలో పడినా లళలకు అభేద ప్రాస చెల్లుతుంది గనుక ఛందస్సు నోరు మెదపదు. ఛందస్సు బాగా వచ్చిన ప్రూఫ్‌రీడరు వదిలేసే తప్పులు తరచు ఇలాంటివే, ఎందుకంటే అతని చెవి సంతృప్తి పడిపోతుంది. కావ్యం తెలిసినవాడికే కాక కథా సందర్భం తెలిసినవాడికి కూడా ప్రూఫులు చూపించాలన్న నియమానికి కారణం ఇదే.

దీనికి అచ్చుశాల ఆర్థికం తోడవుతుంది. సీసపు అక్షరాల కాలంలో తెలుగు కంపోజిటర్ ముందు గుణింతాలు, వత్తులతో కలిపి ఇంగ్లీషు కేసు కంటే ఎన్నో రెట్లు గళ్లున్న కేసు ఉండేది. అరసున్నలు, శకటరేఫలు వేరు. అతడు కూర్చిన ఫారం అచ్చయ్యాకే ఆ అక్షరాలు విడిపోయి మళ్లీ గళ్లలోకి చేరతాయి. అప్పుడే తరువాతి ఫారానికి అక్షరాలు దొరుకుతాయి. పండితుడు ఒక పాఠభేదం దగ్గర ఆగి మరో వ్రాతప్రతి కోసం తంజావూరికి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరానికి జవాబు వచ్చేదాకా మణుగుల కొద్దీ సీసం కదలకుండా పడి ఉంటుంది. అంటే సందేహం ఖరీదైనది. సందేహించే పండితుణ్ణి భరించడం ప్రచురణకర్తకు ఖర్చు. చవక ముద్రణల్లో సందేహం కనిపించకపోవడానికి పాండిత్య లోపం ఒక్కటే కారణం కాదు.

ఈ ఖర్చును భరించినవారిగానే వావిళ్లవారిని చూడాలి. వావిళ్ల రామస్వామిశాస్త్రులు 1854లో మద్రాసులో అచ్చుకూటం పెట్టారు. అతని కుమారుడు వేంకటేశ్వరశాస్త్రులు దాన్ని తెలుగు, సంస్కృత గ్రంథాలకు ప్రామాణిక నిలయంగా మలిచారు. ‘వావిళ్ల ప్రతి’ అన్న మాట నేటికీ పండితుల నోట ఒక యోగ్యతాపత్రం. ఆ మాట వెనుక జీతానికి పనిచేసిన ఎందరో పండితులు ఉన్నారు. వారిలో పీఠికలు రాసినవారి పేర్లు నిలిచాయి. ప్రూఫులు దిద్దినవారి పేర్లు చాలావరకు పోయాయి.

వావిళ్లవారి పుస్తకాల్లో ఎక్కువ చర్చకు వచ్చినది ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో వెలిసిన ఈ నాలుగాశ్వాసాల కావ్యం 1887లో ఒకసారి అచ్చయింది. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ ప్రతిని వ్రాతప్రతితో పోల్చి చూసి, లోపాలు గుర్తించి, 1910లో కొత్త పరిష్కరణ సిద్ధం చేసింది. వావిళ్లవారు ప్రచురించారు. 1911లో ప్రభుత్వం దాన్ని అశ్లీలమని ప్రకటించి ప్రతులు స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం హయాంలో, 1947లో నిషేధం తొలగింది. 1952లో మళ్లీ అచ్చయింది.

ఈ కథను సాధారణంగా నిషేధం చుట్టూ చెబుతారు. అసలు విషయం 1887 ప్రతిలో ఉంది. ఆ ప్రతిలో కొన్ని శృంగార పద్యాలు పోయాయి. అది ఆ కాలపు అభిరుచి అని సరిపెట్టుకోవచ్చు. కానీ పద్యాలతో పాటు అవతారికలో కవయిత్రి తన వంశం చెప్పుకొన్న భాగం కూడా పోయింది. అక్కడ శృంగారం లేదు. ఉన్నది ఒక వేశ్యా కుటుంబంలోని స్త్రీల పేర్లు, వారి విద్వత్తు. అశ్లీలతను కత్తిరించడానికి తీసిన కత్తెర, అశ్లీలం కాని ఒక చరిత్రను కూడా కత్తిరించింది. కావ్యం మిగిలింది, కర్త్రి ఎవరో చెప్పే ఆధారం మిగలలేదు. నాగరత్నమ్మ ఆ భాగాన్ని తిరిగి చేర్చడం పాఠపరిష్కరణ పని మాత్రమే కాదు. ఏది కావ్యం, ఏది కాదు అన్న విషయంలో ముందటి ప్రచురణకర్త ఇచ్చిన తీర్పును కొట్టివేయడం. కందుకూరి వీరేశలింగం ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే ఆమె రచనను తీవ్రంగా దూషించారు. నాగరత్నమ్మ పీఠికలో సూటిగా ప్రశ్నించింది: అంతకంటే ఘాటుగా రాసిన పురుషకవులకు లేని సిగ్గు స్త్రీకి మాత్రమే ఎందుకు ఉండాలి? ఈ ప్రశ్నను తెలుగులో స్త్రీవాద విమర్శకు తొలి మెట్టుగా లెక్కించేవారున్నారు. అది సబబే. కానీ ఆ ప్రశ్న రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చిన శ్రమ నుంచి పుట్టిందన్న సంగతి ఆ ప్రశంసలలో తరచు మరుగునపడుతుంది.

వేంకటేశ్వరశాస్త్రుల పాత్రను అంచనా వేయడం కొంచెం కష్టం. అతణ్ణి ఆదర్శవీరుడిగా చూపే కథనాలు వ్యాపారిని మరుగుపరుస్తాయి. శృంగారకావ్యాలకు గిరాకీ ఉందని తెలియని ప్రచురణకర్త మద్రాసులో ఉండడు. కానీ గిరాకీ ఒక్కటే కారణమైతే, ప్రతులు పోయిన తరువాత 36 ఏళ్లు ఒక పుస్తకం కోసం పట్టు వదలకుండా ఉండడం నష్టపు బేరం. ఆ పట్టుదలను లాభంతో వివరించలేము. కేవలం ఆదర్శంతో వివరించినా అది అబద్ధమవుతుంది. తన ముద్ర పడిన పుస్తకం దోషి అని మరొకరు చెప్పడాన్ని సహించలేని వృత్తిగర్వం ఒకటుంటుంది. జాసిర్‌లోనూ శాస్త్రులలోనూ ఎక్కువగా కనిపించేది అదే.

ఒక తేడా మాత్రం పెద్దది. అకీలీకి తన ఊరి పేరును చరిత్రలో నిలపడం గౌరవం తెచ్చింది. క్లబ్బుకు తొలి అధ్యక్షుడినీ చేసింది. నాగరత్నమ్మకు తన వృత్తిలోని పూర్వికురాలి పేరును నిలపడం పోలీసులను తెచ్చింది. శ్రమ ఒకే రకం. ఎవరి పేరును నిలిపారన్న దాన్ని బట్టి ఫలితం మారింది.

ఇప్పుడు ఈ పాత ప్రతులు స్కాన్లుగా అందరికీ దొరుకుతున్నాయి. వాటిని చూసి తిరిగి టైపు చేయించి అచ్చువేసే పుస్తకాలూ పెరిగాయి. అను ఫాంట్లలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి, అరసున్నలు పోతాయి. బండి-ఱ స్థానంలో మామూలు రేఫ వచ్చి కూర్చుంటుంది. గణం చెదరదు గనుక చెవికి దొరకదు. సీసం కదలకుండా పడి ఉండే బాధ ఇప్పుడు లేదు. సందేహించడానికి ఖర్చు దాదాపు లేదు. అయినా ఏ ముద్రణను ఆధారం చేసుకున్నారో, ఏ పద్యం దగ్గర ఏ పాఠాన్ని ఎంచుకున్నారో, ప్రూఫులు ఎవరు దిద్దారో చెప్పని పునర్ముద్రణలే ఎక్కువ. ‘రాధికాసాంత్వనం’ పేరుతో నేడు చేతికొచ్చే ప్రతి 1887 నాటి పాఠమా, 1910 నాటి పాఠమా అన్నది తెలియాలంటే అట్ట చూస్తే చాలదు. అవతారిక తెరిచి, కవయిత్రి వంశం అక్కడ ఉందో లేదో చూడాలి.