పడకల నంబర్లతో ప్రార్థన

ప్రొద్దుటూరులో ఈ వారం ఒక ఫ్లెక్సీ ముందు ఆగిపోయాను. మూడు రాత్రుల ఉజ్జీవ కూటాలకు వస్తే చాలట, దేవుడు మన జీవితానికి పెట్టిన ఉద్దేశం ఏమిటో తేలిపోతుందట. మైకుల మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు. అది గుడి మైకయినా, మసీదు మైకయినా, చర్చి మైకయినా ఒకటే కోపం. ఈసారి మాత్రం మైకు కన్నా ఆ మూడు రాత్రుల గడువే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అలాంటి మాటలు నమ్మి ఊరూరా తిరిగే పిల్లలు నాకు తెలుసు. పులివెందుల కుర్రాడొకడు బీటెక్ అయిపోయి, ఏ కూటం జరిగినా ముందు వరసలో కూర్చుంటున్నాడు. "దేవుడు నన్ను ఏ పనికి పుట్టించినాడో తెలిస్తే ఆ పనే చేస్తా సార్. అది తెలియకనే ఏ పనీ పట్టుకోలేకుండా" అన్నాడు. దేవుని చిత్తం ఇంకా తెలియలేదని, చేతికొచ్చిన చిన్న ఉద్యోగం కూడా వదులుకున్నాడు.

అతనికి జవాబు నా నాలుక చివరనే ఉంది. జమ్మలమడుగు పోయి కాంప్‌బెల్ ఆసుపత్రి చూసి రా అబ్బీ, అంతే.

ఆ ఆసుపత్రి గురించి ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు. లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది 1822లో, విలియం హోవెల్‌తో. జమ్మలమడుగు ఆసుపత్రి అంతకు చాలా తర్వాత, 19వ శతాబ్దం చివర, డాక్టర్ టి.వి. కాంప్‌బెల్ చేతుల మీదుగా వచ్చింది. 1876 నాటి ధాత కరువు చూసిన మనుషులు ఇంకా బతికే ఉన్న కాలం. పెన్న పక్కనే ఉన్నా తాగునీటికి కటకట, కలరా వస్తే ఊరికి ఊరే తుడిచిపెట్టుకుపోయే రోజులు. అలాంటి చోటికి సముద్రం దాటి వచ్చిన వైద్యుడు తన జీవిత ఉద్దేశం ఏమిటని ఏ రాత్రి కూటంలో అడిగి ఉంటాడు? ఎదురుగా రోగి ఉన్నాడు, చేతిలో విద్య ఉంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక కూడా అక్కడ సేవ ఆగలేదు. డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి చదువు ముగించి కొన్నాళ్ళు పనిచేసింది ఈ ఆసుపత్రిలోనే. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టింది ఆ తర్వాతే. రాజకీయాలు పక్కన పెట్టండి. ఒక ఊరి మిషను ఆసుపత్రికీ పక్క ఊళ్ళో లేచిన ఆసుపత్రికీ చుట్టరికం ఉంటుందని నేను నమ్ముతాను.

కాబట్టి సేవే ఉద్దేశం, మిగతాదంతా మాటలు. కాలమ్ అక్కడితో ముగిద్దామనుకున్నాను. ముగించనివ్వనిది మా మేనత్త.

అత్త ఆ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. పాత పాఠకులకు ఆమె తెలుసు. తెల్లవారుజామున లేచి, పొయ్యి ముట్టించక ముందే మోకరించేది. ఆమె ప్రార్థన వింటే వార్డు రిజిస్టరు చదివినట్టుండేది. మూడో నంబరు పడకకు జ్వరం దిగాల ప్రభువా, ఏడో నంబరు బాలింతకు పాలు పడాల, పదకొండో నంబరు పెద్దాయన కొడుకు వచ్చి చూసిపోవాల. పేర్లు మర్చిపోయినా నంబర్లు మరిచేది కాదు. డ్యూటీకి పోయాక అవే పడకల దగ్గర నిలబడేది. రిటైరయ్యాక కూడా చాలాకాలం ఆ నంబర్లతోనే ప్రార్థన చేసింది. అప్పటికి ఆ పడకల మీద ఎవరున్నారో ఆమెకు తెలియదు. ఎవరో ఒకరు ఉండకపోరు కదా నాయనా అనేది.

చివరి ఏళ్ళలో నంబర్లు కూడా పోయాయి. మంచం దిగలేదు, కీర్తన అందుకుంటే రెండో చరణం గుర్తొచ్చేది కాదు. సేవే ఉద్దేశమని నేను గట్టిగా వాదిస్తున్న రోజులవి. ఆమెను చూస్తే నాకు దిగులేసేది. ఎన్ని ప్రాణాలకు ఆసరాగా నిలిచిన మనిషి, ఇప్పుడు దేనికీ లేకుండా పోయిందే అనుకునేవాణ్ణి. ఒకరోజు అడిగాను, ఇప్పుడు దేవుణ్ణి ఏమడుగుతుండావత్తా అని. "అడగడమంతా అయిపాయ నాయనా. ఇప్పుడు ఊరికే కూచ్చుంటా, ఆయన దగ్గర" అంది. ఆ మాటలో దిగులు లేదు. పని మిగల్లేదన్న బాధ కూడా లేదు. పని ఉన్న రోజుల్లో హడావుడిగా ముగించిన ముచ్చటను ఇప్పుడు తీరిగ్గా చెప్పుకుంటున్న మనిషిలా ఉంది.

దగ్గర ఉండటం అనేది మన సంఘాల చరిత్రలో పుస్తకాల మాట కాదు. ఈ సీమలో యేసును నమ్ముకున్నవాళ్ళలో ఎక్కువమంది మాల మాదిగ పేటల నుంచి వచ్చారు. వాళ్ళ తాతలు దేవుణ్ణి దూరం నుంచి, గోపురం రూపంలోనే చూశారు. మద్రాసు రాష్ట్రంలో అన్ని గుళ్ళకూ వర్తించే ఆలయ ప్రవేశ చట్టం 1947లో గానీ రాలేదు. జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు, కాశీ విశ్వేశ్వరుడికి తన బాధ చెప్పుకోవడానికి ఆ కావ్యంలోని అంటరాని అభాగ్యుడు గబ్బిలాన్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. గుళ్ళోకి గబ్బిలం పోగలదు, తాను పోలేడు. అలాంటి పేటకు దేవుడే నడిచి వచ్చి చాపమీద కూర్చున్నాడని విన్నప్పుడు ఆ తాతలకు ఏమనిపించి ఉంటుంది? నా జీవితంతో ఏమి సాధించాలి అన్న ప్రశ్న వాళ్ళు అడిగి ఉండరు. మధ్యవర్తి లేకుండా, గడప బయట నిలబడకుండా, పేరు పెట్టి పిలిచి మాట్లాడవచ్చు. ఆ సంగతే వాళ్ళ బతుకుకు సరిపడా ఉద్దేశం. బడి, ఆసుపత్రి, ఉద్యోగం దాని వెంట వచ్చాయి. వాటి వెలుగులో నిలబడి, ముందు వచ్చినదాన్ని మనం తక్కువ చేసి చూస్తున్నాం. నేనూ చూశాను.

ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను స్థాపించి, గుంటూరు కాకాని తోటలో ఉండి నేర్పింది కూడా ఇదే. సన్నిధిలో కూర్చోమన్నారు. పాపాలు ఒప్పుకో, తలంపులు సద్దుమణగనీ, నీ మాటలు ఆపి ఆయన మాట కోసం కనిపెట్టుకో. మా సంఘంలో ఈ పద్ధతికి అలవాటు తక్కువ. మేం క్రమం పుస్తకం తెరిచి, ఆరాధన వరస ప్రకారం పోయేవాళ్ళం. అయినా మా అత్త చివరి రోజుల్లో చేసింది అయ్యగారు నేర్పినదానికి దూరం కాదు. ఇది ఒక రాత్రిలో వచ్చే విద్య కాదు. అందుకే మూడు రాత్రుల గడువు నన్ను అంతగా బాధపెట్టింది. మొదట్లో మోకాళ్ళు నొప్పి పుడతాయి, మనసు పాల ప్యాకెట్ మీదికీ కరెంటు బిల్లు మీదికీ పోతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట కూర్చుంటే కొన్నాళ్ళకు ఆ చోటే మనల్ని పిలుస్తుంది. ఆలయంలో పాటల వరస నడిపిన ఆసాపుకు కూడా ఇది చటుక్కున దొరకలేదు. 73వ కీర్తన నిండా అతని కడుపుమంట ఉంది. దుర్మార్గులు బలిసి తిరుగుతున్నారు, నేను చేతులు శుభ్రంగా పెట్టుకుని ఏం బావుకున్నాను అని సణిగి సణిగి, చివరికి దేవుని పరిశుద్ధ స్థలంలోకి పోయాడు. అక్కడ అతనికి ఆస్తి రాలేదు, పదవి రాలేదు. దేవునికి దగ్గరగా ఉండటమే తనకు మేలని తెలిసింది.

సేవ వద్దని నేను అనడం లేదు. మూడో నంబరు పడకకు ఎవరో ఒకరు మందు వేయాలి, ఆ వేసేవాళ్ళు మన ఇళ్ళలోంచే పోవాలి. ఆసాపు కూడా కీర్తన ఆఖరి వచనంలో, దేవుడు చేసిన పనులన్నీ చెప్పే బాధ్యత తలకెత్తుకున్నాడు. కానీ అది దగ్గరికి చేరాక వచ్చింది, దగ్గరికి చేర్చే మెట్టుగా రాలేదు. ఎక్కడ చెప్పాలో, ఏ ఉద్యోగంలో ఉండి చెప్పాలో అతను అందులో రాయలేదు. దాన్ని ముందే తేల్చుకోవాలని అతనికి తోచినట్టు కూడా లేదు.