'యూదులు' అని రాసేటప్పుడు

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదులున్నారంటే మా కోడేరులో నవ్వుతారు. వాళ్ళు మాదిగలు. కొన్ని పదుల కుటుంబాలు. బైబిల్లోని ఎఫ్రాయీము గోత్రం తమదని చెప్పుకుని, 1990ల మొదట్లో సినగాగు పెట్టుకున్నారు. తమను 'బెనె ఎఫ్రాయిం' అనుకుంటారు. వీళ్ళ మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ చేసిన పరిశోధన 2013లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది.

అందులో నన్ను కట్టిపడేసింది పెద్దకూర సంగతి. ఏ తిండిని చూపి ఊరు వాళ్ళను దూరం పెట్టిందో, ఆ తిండినే వాళ్ళు ఇశ్రాయేలు మూలానికి గుర్తుగా చెప్పుకున్నారు. వంశవృక్షం రుజువవుతుందా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. అవమానాన్ని తిరగేసి గౌరవం చేసుకోవడం దళిత సాహిత్యం చదివిన మనకు కొత్తా?

గాజా మీద మనం రాస్తున్న కవిత్వాన్ని ఈ పుస్తకం పక్కన పెట్టుకుని చదువుతున్నాను. పాలస్తీనీయుల నేలను ఆక్రమించిన రాజ్యాన్ని, దాని వెనకున్న జియోనిజాన్ని ప్రశ్నించడం యూదు ద్వేషం కాదు. 1897లో బాసెల్‌లో మొదటి జియోనిస్టు మహాసభ జరిగింది. ఆ ఏడాదే విల్నాలో పుట్టిన యూదు కార్మిక సంఘం 'బుంద్' తర్వాత ఆ దారిని తిరస్కరించింది. కానీ మన కవులు 'ఇజ్రాయెల్ ప్రభుత్వం' అనాల్సిన చోట 'యూదులు' అనేస్తారు. కవిత నడక కోసమట! నడక కోసం కులం పేరు తిట్టుగా వాడితే ఊరుకుంటామా? వడ్డీ వ్యాపారిని 'షైలాక్' అనడమూ అంతే. వలసల పాలమూరులో పుట్టిన నాకు అప్పుల సంగతి తెలుసు. మా ప్రామిసరీ నోట్ల మీద యూదుడి పేరు నేనెక్కడా చూడలేదు.

ఇది మాటల పట్టింపు కాదు. లష్కరే తోయిబా ఈ మాదిగ కుటుంబాల మీద దాడికి పథకం వేసిందని 2004లో పోలీసులు చెప్పారు. 2008 నవంబరులో ముంబై నారిమన్ హౌస్‌లో రివ్కా హోల్ట్జ్‌బర్గ్‌నీ, ఆమె భర్తనీ చంపినవాళ్ళు, మీరు ఏ ప్రభుత్వం వైపు అని అడిగి చంపలేదు.

ఇజ్రాయెల్‌ని ఏమన్నా యూదు ద్వేషమేనని నోరు మూయించేవాళ్ళూ ప్రతి యూదునీ ఆ రాజ్యానికి కట్టేస్తారు. మణిపూర్, మిజోరంల బ్నె మెనాషేలను 2005లో అక్కడి ప్రధాన రబ్బీ గుర్తించాడు. మన మాదిగ యూదులకు అలాంటి గుర్తింపు రాలేదు. తమను లోపలికి రానివ్వని రాజ్యం చేసే పనులకు వీళ్ళెందుకు జవాబు చెప్పాలి? కొత్తరెడ్డిపాలెం ఆడవాళ్ళు గాజా తల్లుల గురించి ఏమనుకుంటున్నారో, వాళ్ళ తెలుగులోనే చదవాలని ఉంది నాకు.