తలుపు తట్టే మనిషి కావాలి

1866 అక్టోబరు మొదటి వారానికి రష్యన్ నవలాకారుడు ఫ్యోదర్ దొస్తోయెవ్‌స్కీ పీకల్లోతు చిక్కులో ఉన్నాడు. అప్పులవాళ్ల పోరు పడలేక అంతకుముందు ఏడాది స్టెల్లోవ్‌స్కీ అనే ప్రచురణకర్త దగ్గర 3,000 రూబుళ్లు తీసుకుని ఒప్పందం మీద సంతకం పెట్టాడు. 1866 నవంబరు 1కల్లా కొత్త నవల ఇవ్వాలి. ఇవ్వలేకపోతే తర్వాత తొమ్మిదేళ్లపాటు ఆయన ఏం రాసినా పైసా చెల్లించకుండా అచ్చేసుకునే హక్కు స్టెల్లోవ్‌స్కీది. ఏడాది దాటినా ఆ నవలలో ఒక్క వాక్యం పడలేదు. సోమరితనం అందామా అంటే, అదే ఏడాది ‘నేరము-శిక్ష’ను పత్రికలో సీరియల్‌గా రాస్తున్నాడు. వాయిదాలు వేసేవాళ్లలో చాలామందికి క్షణం తీరిక ఉండదు. చేయాల్సిన ఆ ఒక్క పనీ తప్ప అన్నీ చేస్తుంటారు.

మిత్రుడి సలహాతో స్టెనోగ్రాఫర్‌ని పెట్టుకున్నాడు. పేరు ఆన్నా స్నిత్కినా, వయసు ఇరవై. రోజూ ఆమె రాగానే ఆయన చెప్పడం మొదలుపెట్టేవాడు, ఆమె సంకేతలిపిలో రాసుకునేది. ఇంటికెళ్లాక దాన్ని మామూలు అక్షరాల్లోకి మార్చి, మర్నాడు ఆ కాగితాలు తెచ్చి ఇచ్చేది. నిన్న ఎన్ని పేజీలయ్యాయని అడిగి మరీ తెలుసుకుని సంబరపడేవాడట. 26 రోజుల్లో ‘జూదరి’ పూర్తయింది. గడువునాడు స్టెల్లోవ్‌స్కీ ఊళ్లో లేకుండా పోతే, రాతప్రతిని పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాల్సి వచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో దొస్తోయెవ్‌స్కీ ఆన్నానే పెళ్లి చేసుకున్నాడు.

గడువు ఏడాది నుంచీ ఉంది. సర్వం పోతుందన్న భయమూ ఉంది. అయినా కదలని పని, రోజూ ఒక మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాక కదిలింది.

సొంతంగా పనిచేసుకునేవాళ్లకు కరువైంది ఆ మనిషే. ఆఫీసులో హాజరు పట్టీ ఉంటుంది, మేనేజరు ఉంటాడు, పక్క సీట్లో తోటి ఉద్యోగి ఉంటాడు. ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసేవారికి, వెబ్‌సైట్లు తయారుచేసేవారికి ఎవరున్నారు? పెళ్లి ఫొటోగ్రాఫర్ల సంగతే చూడండి. తెల్లవారుజాము ముహూర్తమైతే రాత్రంతా మేలుకుని, జీలకర్ర-బెల్లం పెట్టే క్షణాన్ని కెమెరా జారవిడవకుండా పట్టుకునే మనిషి, ఆల్బమ్ దగ్గరకొచ్చేసరికి నెలలు సాగదీస్తాడు. మండపంలో బంధువులంతా చూస్తుండగా చేసిన పని వేరు. వేల ఫొటోలున్న హార్డ్ డిస్క్ ముందు ఒంటరిగా కూర్చుని ఏ షీట్‌లో ఏది పెట్టాలో తేల్చుకోవడం వేరు. అంతలో కొత్త ముహూర్తాలు వచ్చేస్తాయి. పెళ్లివారు కూడా సెలెక్షన్ ఇవ్వకుండా ఆలస్యం చేశారంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇలాంటప్పుడు అందరూ చేసే మొదటి పని కొత్త టైమ్‌టేబుల్ రాసుకోవడం, రెండోది తమను తాము తిట్టుకోవడం. రెండూ పనికిరావు. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధించిన టిమ్ పిచిల్, వాయిదా వేయడానికి మూలం సమయం లెక్క తెలియకపోవడం కాదంటారు. ఆ పని తలుచుకుంటే కలిగే ఇబ్బంది నుంచి తప్పించుకోవడమే అసలు సంగతి. ఆయన సహచరులతో కలిసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు.

క్రమశిక్షణ ఉన్నవాళ్లకూ ఎదురుగా ఒక మనిషి కావాల్సిందే. ఇంగ్లిషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ క్రమశిక్షణ గురించి కథలుగా చెప్పుకుంటారు. పొద్దున్నే 5.30కి బల్ల దగ్గర కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలు రాసేవాడు. ఆయన్ని లేపి కాఫీ ఇచ్చే ముసలి పనివాడి గురించి మాత్రం తక్కువమందికి తెలుసు. అందుకోసం అతనికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. తన విజయానికి అందరికన్నా ఎక్కువగా అతనికే రుణపడి ఉన్నానేమో అని ఆత్మకథలో రాసుకున్నాడు.

మీరు వెతుక్కునే ఆ మనిషి కస్టమరు కాకూడదు. సగం పని చూపిస్తే బేరం చెడుతుంది. కోప్పడే పెద్దవాళ్లూ వద్దు, వాళ్లను తప్పించుకోవడం మరో పనవుతుంది. అదే వృత్తిలో ఉన్న తోటివారు ఒకరు చాలు. రోజూ ఒకే వేళకు వీడియో కాల్ పెట్టుకుని, మైకు ఆపేసి ఎవరి పని వాళ్లు చేసుకునే ఫ్రీలాన్సర్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆల్బమ్ కానివ్వండి, అనువాదం కానివ్వండి, నెలల తరబడి పక్కన పడున్న పని మీకూ ఉంటే ఈ రోజే అలాంటి ఒకరికి ఫోన్ చేయండి. రేపు ఎన్నింటికి కుదురుతుందో అడగండి. ఆ వేళకు ఎంతయితే అంతే చూపించండి.