మద్రాసులో దొరికిన ఆసియా

1861 ఏప్రిల్ 17న మద్రాసు నుంగంబాకం అబ్జర్వేటరీలో నార్మన్ పాగ్‌సన్ ఒక కొత్త చుక్కను పట్టుకున్నాడు. ఇంగ్లండ్ నుంచి ఆయన వచ్చి అప్పటికి కొద్ది నెలలే. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలాల్లో అది 67వది. ఆసియా ఖండం నుంచి కనిపెట్టినవాటిలో మొదటిది.

ఈ పనికి ముందు కావలసింది కదలని పునాది. 1792లో అక్కడ అబ్జర్వేటరీ కట్టినప్పుడు పరికరాన్ని నిలపడానికి భారీ గ్రానైట్ స్తంభం వేశారు. నేల కాస్త అదిరినా టెలిస్కోపులో చుక్క వణుకుతుంది మరి. అక్కడి రాతి మీద తమిళంతో పాటు తెలుగు అక్షరాలూ చెక్కి ఉన్నాయి.

తర్వాత, ఎక్కడ వెతకాలన్నది. గ్రహాలన్నీ సూర్యుడి దారికి, అంటే క్రాంతివృత్తానికి, దగ్గరగానే కనిపిస్తాయి. అందులోనూ సూర్యుడికి ఎదుటి వైపున్న శకలం మనకు దగ్గరగా, నిండు వెలుగుతో ఉంటుంది. ఆ భాగం నక్షత్ర పటాన్ని ముందు పెట్టుకుని ఒక్కో చుక్కనూ సరిచూస్తూ పోవాలి. ఊళ్లో అందరి ముఖాలూ తెలిసినవాడే కొత్త మనిషిని గుర్తుపడతాడు. పటంలో లేని చుక్క తగిలితే, పక్కనున్న తెలిసిన నక్షత్రం నుంచి దాని దూరం, దిక్కు కొలిచి రాసుకోవాలి. కాసేపాగి మళ్లీ కొలవాలి. నక్షత్రమైతే అంకె మారదు. శకలమైతే పడమరకు జరుగుతుంది. వేగంగా పోయే రైల్లోంచి చూస్తే పక్క పట్టాల మీది నెమ్మది బండి వెనక్కి పోతున్నట్టుంటుంది కదా, అలాగే. ఆ జరుగుడు రోజంతటికీ కలిపి చందమామ వెడల్పులో సుమారు సగం, గంటకైతే వెంట్రుకవాసే.

ఫొటోలతో ఈ వేట ఇంకా మొదలుకాని రోజులవి. పనంతా కంటిదే. పాగ్‌సన్ కన్ను వెలుగును తూచడంలో ఆరితేరింది. నక్షత్రాల ప్రకాశంలో ఐదు తరగతుల తేడా అంటే సరిగ్గా 100 రెట్లని, ఒక్కో మెట్టుకు సుమారు 2.512 రెట్లని 1856లో లెక్క కట్టింది ఆయనే. ఖగోళ శాస్త్రం ఇప్పటికీ ఆ మెట్లనే వాడుతోంది.

ఇక పేరు. పురాణ స్త్రీల పేర్లు పెట్టడం అప్పటి ఆనవాయితీ. దొరికిన చోటునూ చెప్పుకోవాలి. రెండింటికీ ఒకే మాట అతికింది: ఆసియా. గ్రీకు పురాణంలో ఆమె సముద్రదేవుడి కూతురు. కొన్ని కథల్లో మనుషులకు నిప్పు తెచ్చిచ్చిన ప్రొమీథియస్‌కు తల్లి. ఆనవాయితీ తప్పలేదు, ఖండం పేరూ నిలిచింది. చెక్కపనిలో మేకు లేకుండా కూర్చిన అతుకులా, ఆ పేరులో ఎక్కడా సందు కనిపించదు.

సుమారు 60 కిలోమీటర్ల ఆ రాతి ముద్ద సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి దాదాపు మూడేళ్ల తొమ్మిది నెలలు పడుతుంది. పట్టికలో దాన్ని ‘67 ఆసియా’ అని రాస్తారు. అంకె దాని వరుస చెబుతుంది. పేరు, ఆ రాత్రి టెలిస్కోపు ఏ నేల మీద నిలిచిందో చెబుతుంది.