సున్నపురాయి కొండకు నాలుగు దారులు

త్సూగ్‌ష్పిట్సె జర్మనీలోకెల్లా ఎత్తైన శిఖరం. ఎత్తు 2962 మీటర్లు. బవేరియాకూ ఆస్ట్రియాలోని టిరోల్‌కూ మధ్య సరిహద్దు దీని నెత్తి మీదుగానే పోతుంది. ఆల్ప్స్ ఉత్తరపు అంచున బారులు తీరిన సున్నపురాయి కొండల్లో వెటర్‌స్టైన్ అనే శ్రేణికి ఇదే పెద్ద. ఆస్ట్రియా వైపు నుంచి 1926లోనే దీని మీదికి రోప్‌వే వేశారు. 1930లో బవేరియా వైపు నుంచి పళ్ళ పట్టాల రైలు వచ్చింది. 2017 డిసెంబరులో మొదలైన కొత్త రోప్‌వే, ఐబ్‌జే సరస్సు ఒడ్డున ఎక్కినవారిని పది నిమిషాల్లో పైన దించుతుంది. అయినా ఏటా వేసవిలో వేలమంది ఈ కొండను కాళ్ళతోనే ఎక్కుతారు. అందుకు ప్రధానంగా నాలుగు దారులున్నాయి. ఒక్కొక్కటి కొండకు ఒక్కో ముఖం, దేని పద్ధతి దానిదే.

దారుల తీరు తెలియాలంటే ముందు రాయి సంగతి తెలియాలి. వెటర్‌స్టైన్ సున్నపురాయి సుమారు 24 కోట్ల ఏళ్ళ కిందట, వెచ్చని లోతులేని సముద్రంలో, నాచుజాతి జీవులూ పగడాలూ వదిలిన సున్నంతో పొరలు పొరలుగా ఏర్పడింది. వందల మీటర్ల మందాన పేరుకున్న ఆ పొరలే తర్వాత ఖండాల ఒత్తిడికి పైకి లేచి గోడల్లా నిలిచాయి. వాననీటిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు సున్నపురాయిని మెల్లగా కరిగిస్తుంది. మన బెలుం గుహలనూ బొర్రా గుహలనూ తొలిచింది ఈ పనే. త్సూగ్‌ష్పిట్సె మీద కూడా నీరు పైన నిలవదు, పగుళ్ళలోంచి లోపలికి జారిపోతుంది. శిఖరానికి దక్షిణాన ఉన్న విశాలమైన రాతి పీఠభూమి మీద మంచు ఎంత కరిగినా వాగు కనిపించదు. ఆ నీరంతా కొండ కడుపులోంచి ప్రయాణించి, చాలా దిగువన రైన్‌టాల్ లోయలో పార్ట్‌నాఖ్ నది ఊటగా ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకే పైదారుల్లో నడిచేవారు నీళ్ళు విడిదుల్లోనే నింపుకోవాలి.

ఈ రాయి పొడిగా ఉన్నప్పుడు గరుకుగా ఉండి బూటును గట్టిగా పట్టుకుంటుంది. తడిసిందా, జారుతుంది. తరాల తరబడి బూట్లు రుద్దిన చోట్ల నున్నబడి ఉంటుంది కాబట్టి అక్కడ మరీ ప్రమాదం. పగుళ్ళలో దూరిన నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి రాతిని చీలుస్తుంది. ఆ ముక్కలు గోడల అడుగున పెద్ద పెద్ద వాలులుగా పోగుపడతాయి. ఆ రాలిన రాళ్ళ వాలు మీద రెండడుగులు ఎక్కితే ఒకడుగు కిందికి జారుతుంది. కొండ ఎక్కేవారి ఓపికను ఎక్కువగా తినేసేది నిట్రమైన గోడ కాదు, ఈ వాలే.

లిఖిత చరిత్రలో మొదటి ఆరోహణ 1820 ఆగస్టు 27న జరిగింది. బవేరియా రాజ్య భూచిత్ర కార్యాలయానికి పటం గీసే పనిలో ఉన్న లెఫ్టినెంట్ యోసెఫ్ నౌస్, తన సహాయకుడు మాయర్‌తోనూ, స్థానిక మార్గదర్శి యోహాన్ గెయోర్గ్ టౌష్ల్‌తోనూ రైన్‌టాల్ మీదుగా పడమటి శిఖరం చేరాడు. ఆ ప్రాంతపు పశువుల కాపరులూ వేటగాళ్ళూ అంతకు ముందే ఎక్కి ఉండవచ్చనడానికి 18వ శతాబ్దపు పటం ఒకటి ఆధారంగా ఉంది. 1851 ఆగస్టులో క్రిస్టోఫ్ ఓట్ అనే మతగురువు పూనికతో పెద్ద ఇనుప శిలువను 28 ముక్కలుగా విడదీసి, కూలీలు వీపున మోసుకెళ్ళి పైన నిలబెట్టారు. 1855లో క్నోర్‌హ్యూటె విడిది కట్టారు. వెటర్‌స్టైన్‌లో కొండ నడకవారి కోసం కట్టిన మొదటి విడిది అదే. 1869లో మ్యూనిక్‌లో జర్మన్ ఆల్పైన్ క్లబ్ పుట్టాక దారులకు గుర్తులు వేయడం, ఇనుప తాళ్ళు బిగించడం, విడిదులు కట్టడం సభ్యుల ఉమ్మడి బాధ్యత అయింది. ప్రతి దారినీ ఏదో ఒక స్థానిక శాఖ చూసుకుంటుంది. చలికాలంలో తెగిన తాడును, ఊడిన మేకును వేసవి మొదట్లో సరిచేయడం ఇప్పటికీ వారి పనే. ఆ పని ఎవరి కంటా పడదు. దారి నిలిచి ఉండడానికి మూలం మాత్రం అదే.

నౌస్ వెళ్ళిన రైన్‌టాల్ దారి అన్నిటికన్నా పొడవైనది, అన్నిటికన్నా సులువైనది కూడా. గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ ఊళ్ళోని స్కీ స్టేడియం దగ్గర, సుమారు 730 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. కాసేపటికే పార్ట్‌నాఖ్ గండి వస్తుంది. నది సున్నపురాతిని కోసుకుంటూ పోయిన ఇరుకు సందు అది. గోడలోకి తొలిచిన బాటలో నడుస్తుంటే పైనుంచి నీళ్ళు కారుతుంటాయి, కింద నది హోరెత్తుతుంటుంది. గండి దాటాక లోయ తెరుచుకుంటుంది. బోక్‌హ్యూటె, ఆ తర్వాత 1370 మీటర్ల దగ్గర రైన్‌టాల్‌ఆంగర్‌హ్యూటె అనే విడిదులు వస్తాయి. అంతవరకూ అడవి నీడ, పక్కనే వాగు. అక్కడి నుంచి బాట ఒక్కసారిగా నిట్రమవుతుంది. చెట్లు పొట్టివై, పొదలై, చివరకు మాయమవుతాయి. 2050 మీటర్ల ఎత్తున క్నోర్‌హ్యూటె, దానిపైన బోసి రాతి పీఠభూమి. ఎండ తిన్నగా తగులుతుంది, నీడ మచ్చుకైనా దొరకదు. పీఠభూమి చివర రాళ్ళ వాలు, ఆపైన ఇనుప తాడు బిగించిన రాతి అంచు మీదుగా శిఖరం. మొత్తం దూరం సుమారు 21 కిలోమీటర్లు. బలమైనవారు ఒక్కరోజులో చేస్తారు గానీ, ఒక రాత్రి విడిదిలో పడుకుని రెండు రోజుల్లో ఎక్కడమే తెలివైన పద్ధతి.

గాటర్ల్ దారి టిరోల్ వైపు నుంచి వస్తుంది. ఎర్వాల్ట్ ఊరి నుంచి 1500 మీటర్ల ఎత్తులోని ఎర్వాల్డర్ ఆల్మ్ పచ్చిక దాకా రోప్‌వే ఉంది కాబట్టి ఎక్కాల్సిన ఎత్తు బాగా తగ్గుతుంది. పచ్చిక బయళ్ళు దాటి, 2000 మీటర్లకు పైన ఉన్న గాటర్ల్ అనే చిన్న కనుమలో సరిహద్దు దాటి క్నోర్‌హ్యూటె చేరి, అక్కడ రైన్‌టాల్ దారిలో కలుస్తుంది. చూపుకు అందమైన దారి. దీన్ని తేలికగా తీసుకుంటే ఏమవుతుందో 2008 జులైలో జరిగిన కొండ పరుగు పందెం చూపింది. వాన మంచుగా మారి, పల్చటి బట్టల్లో పరుగెత్తుతున్నవారిలో ఇద్దరు చలికి ప్రాణాలు కోల్పోయారు. అది నడివేసవి.

హోలెన్‌టాల్ దారి ఒక్క కొండ మీదే అన్ని రకాల నేలనూ చూపిస్తుంది. హామర్స్‌బాఖ్ పల్లె నుంచి మొదలై, 1905లో బాట వేసిన హోలెన్‌టాల్ గండిలోంచి, సొరంగాల మీదుగా 1387 మీటర్ల దగ్గరి విడిదికి చేరుతుంది. విడిది దాటి లోయ చివరికి పోతే గోడకు దిగ్గొట్టిన ఇనుప మెట్ల నిచ్చెన ఎదురవుతుంది. దాని తర్వాతే పేరుమోసిన చోటు. దాదాపు నిలువుగా ఉన్న నున్నటి బండకు అడ్డంగా, వరసగా దిగ్గొట్టిన ఇనుప చువ్వలు. ఒక్కో చువ్వ మీద ఒక్క పాదమే పడుతుంది. కాళ్ళ కింద ఖాళీ. చేతికి ఇనుప తాడు అందుతూనే ఉంటుంది కాబట్టి ఇక్కడ కావలసింది కండబలం కన్నా నిబ్బరం. ఆపైన హోలెన్‌టాల్‌ఫెర్నర్ అనే చిన్న హిమానీనదం. వేసవి మొదట్లో దాని మీద పాతమంచు దుప్పటి ఉంటుంది, అడుగులు కుదురుగా పడతాయి. ఆగస్టు వచ్చేసరికి గట్టి మంచుగడ్డ బయటపడుతుంది. అప్పుడు బూట్లకు ఇనుప ముళ్ళ క్రాంపాన్లు తగిలించుకోకపోతే నిలబడడమే కష్టం. హిమానీనదం గోడను వదిలి వెనక్కి తగ్గిన చోట మంచుకూ రాతికీ మధ్య నెర్రె తెరుచుకుంటుంది. మంచు అంచు మీంచి ఆ నెర్రె దాటి తాడు మొదలు అందుకోవడమే ఈ దారిలోకెల్లా కష్టమైన అడుగు. వేసవి ముదిరేకొద్దీ, మంచు తరిగేకొద్దీ అది మరింత కష్టమవుతోంది. ఆ తర్వాత ఐదారు వందల మీటర్ల ఎత్తు తాడు పట్టుకుని శిఖరం దాకా ఎక్కడమే. పొద్దుటి నుంచి గంటల తరబడి నడిచాక ఆ గోడ వస్తుంది. అలసట లెక్కలోకి తీసుకోనివారే ఇక్కడ చిక్కుకుపోతుంటారు.

నాలుగోది పడమటి ముఖం మీది ష్టోప్సెల్‌ట్సీయర్ దారి. ఐబ్‌జే నుంచి గానీ ఎర్వాల్ట్ నుంచి గానీ బయల్దేరి 2209 మీటర్ల ఎత్తున, 1884లో కట్టిన వీనర్ నోయ్‌ష్టెటర్ విడిది చేరాలి. అక్కడి నుంచి తాళ్ళ దారి. నీరు తొలిచిన సహజమైన గుహలోకి దూరి మరో వైపు తేలడం దీని ప్రత్యేకత. హోలెన్‌టాల్ అంత కష్టం కాదు. కానీ పైనున్నవారి కాలు తగిలి రాళ్ళు రాలుతుంటాయి, హెల్మెట్ తీయకూడదు.

తాళ్ళ దారులను వియా ఫెరాటా అంటారు. వాటికి వాడే సామగ్రి కొంచెమే, వాడే తీరే ముఖ్యం. నడుముకు హార్నెస్, దానికి రెండు కొసలున్న పట్టీ, ఒక్కో కొసకు ఒక కారబైనర్ కొక్కెం. ఇనుప తాడును కొన్ని మీటర్లకోసారి రాతిలోకి దిగ్గొట్టిన మేకుకు కట్టి ఉంచుతారు. మేకు దగ్గరికి రాగానే ఒక కొక్కెం తీసి మేకు అవతలి తాడుకు తగిలించాలి. అది చప్పుడుతో మూసుకున్నాకే రెండోది తీయాలి. రెండూ ఒకేసారి ఊడి ఉన్న క్షణం ఉండకూడదు. రెండు మేకుల మధ్య తాడు మీద ఒక్కరే ఉండాలి. ఎందుకంటే జారినవారు కింది మేకు దాకా పడతారు, కింద ఎవరైనా ఉంటే వారినీ లాక్కుపోతారు. పట్టీలో మడిచి కుట్టిన భాగం కుట్లు తెగుతూ విప్పుకుని పడిన వేగాన్ని మింగుతుంది. ఒకసారి విప్పుకున్న పట్టీ ఇక పనికిరాదు. ఉరుము వినిపిస్తే ఇనుప తాడు దగ్గర ఉండనే కూడదు. ఆల్ప్స్‌లో వేసవి ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే వస్తాయి. తెల్లవారకముందే బయల్దేరే అలవాటు అందుకే ఏర్పడింది.

సమయం లెక్కగట్టడానికి జర్మన్ నడకవారు పాటించే సూత్రం ఒకటుంది. గంటకు 300 మీటర్లు ఎక్కగలరనీ, 500 మీటర్లు దిగగలరనీ, చదునున నాలుగు కిలోమీటర్లు నడవగలరనీ అనుకుంటారు. ఎత్తుకు పట్టే గంటలూ దూరానికి పట్టే గంటలూ విడివిడిగా లెక్కేసి, పెద్ద అంకెకు చిన్న అంకెలో సగం కలుపుతారు. రైన్‌టాల్ దారిలో ఎక్కాల్సిన ఎత్తు సుమారు 2230 మీటర్లు, అంటే ఏడున్నర గంటలు. 21 కిలోమీటర్లకు ఐదుంపావు, అందులో సగం రెండున్నర పైచిలుకు. మొత్తం పది గంటలు, విశ్రాంతి కలపకుండా. దారిలోని పసుపు పలకలు కూడా కిలోమీటర్లు కాక గంటలే చెబుతాయి. దారులను కష్టాన్ని బట్టి నీలం, ఎరుపు, నలుపు రంగులుగా విభజిస్తారు. నలుపు అంటే ఇరుకైన, నిట్రమైన బాట, కాలు జారితే ప్రాణానికి ముప్పు.

విడిదిలో బస చేయడానికీ మర్యాదలున్నాయి. బూట్లు గుమ్మం దగ్గరే విడవాలి. పరుపులు వరసగా పరిచిన పెద్ద గదిలో, ఎవరి పల్చటి పడక సంచీ వారు తెచ్చుకుని దూరి పడుకోవాలి. రాత్రి పదికి దీపాలార్పేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం విడిది పుస్తకం. పేరు, వచ్చిన దారి, మర్నాడు వెళ్ళబోయే దారి అందులో రాయాలి. ఎవరైనా చేరాల్సిన చోటికి చేరకపోతే వెతికేవారు మొదట తెరిచేది ఆ పేజీనే. ఆపదలో పడ్డవారు నిమిషానికి ఆరుసార్లు, సమాన వ్యవధిలో, ఈల వేయాలి లేదా దీపం చూపాలి. ఒక నిమిషం ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. జవాబు నిమిషానికి మూడుసార్లు వస్తుంది. ఈ పద్ధతి 1894 నాటి నుంచి ఆల్ప్స్ అంతటా చెల్లుతోంది.

శిఖరం రూపు కూడా మారింది. మొదట మూడు కొనలుండేవి. 1930లో రోప్‌వే స్టేషన్ కోసం నడిమిది పోయింది. నౌస్ నిలిచిన పడమటి కొనను 1938లో, సైన్యం తలపెట్టి చివరికి కట్టని కేంద్రం కోసం పేల్చేశారు. మిగిలింది తూర్పు కొన, దాని మీద బంగారు పూత శిలువ. పీఠభూమి మీది దక్షిణ ష్నేఫెర్నర్ 2022లో హిమానీనదం హోదా కోల్పోయింది. హోలెన్‌టాల్‌ఫెర్నర్ ఏటేటా కుంచించుకుపోతోంది. మంచు తగ్గేకొద్దీ దాని అడుగున ఇన్నాళ్ళూ దాగిన నున్నటి బండలు బయటపడి, తాళ్ళు ఇంకా కిందికి దించాల్సి వస్తోంది. అందువల్ల పాత పుస్తకంలోని వర్ణనను నమ్ముకుని బయల్దేరకూడదు. ముందు రోజు విడిదికి ఫోన్ చేసి మంచు ఎంతుందో, నెర్రె దాటే వీలుందో కనుక్కోవాలి.

ఇక దిగడం. రెండు వేల మీటర్లకు పైగా దిగితే మోకాళ్ళు పడే బాధ, ఎక్కేటప్పటి ఆయాసం కన్నా ఎక్కువ. అలసిన కాళ్ళతో హోలెన్‌టాల్ తాళ్ళ మీద కిందికి దిగడం అనుభవజ్ఞులు కూడా మానుకుంటారు, ఎక్కివచ్చేవారికి ఎదురుపడడం అక్కడ ఇద్దరికీ ముప్పే. ఎక్కిన దారి ఏదైనా, దిగడానికి ఐబ్‌జే రోప్‌వేనో రైలునో పట్టుకోవడాన్ని ఇక్కడ ఎవరూ చిన్నతనంగా చూడరు. నడిచే దిగాలనుకునేవారు గాటర్ల్ దారినో రైన్‌టాల్ దారినో పట్టి, ఆ రాత్రికి క్నోర్‌హ్యూటెలో ఆగుతారు. చివరి రోప్‌వే ఎన్నింటికో పొద్దున్నే తెలుసుకుని, అంతలోపు పైకి చేరలేమనిపిస్తే మధ్య విడిది దగ్గరే వెనుదిరగాలి.