నాగవల్లి మాట్లాడే భాష

మైలవరం ప్రాంతంలో ఎవరికైనా మతి చలించి మాటతీరు మారితే, లోగడ "గాలి సోకింది" అనేవారు. ఇప్పుడు "చంద్రముఖి పట్టింది" అనేవారూ కనబడుతున్నారు. పేరు మారినది గాని తాయెత్తు మారలేదు. వింత ఏమిటంటే, ఆ పేరు ఏ కథనుండి వచ్చినదో ఆ కథ మొదట పుట్టినది తాయెత్తును కాదనడానికే.

1993లో ఫాజిల్ దర్శకత్వంలో మలయాళ చిత్రం 'మణిచిత్రతాళ్' వెలువడినది. రచయిత మధు ముట్టం. పాతకాలపు భవంతిలో తాళం వేసిన గది ఒకటి. అందులో పూర్వం తంజావూరునుండి తెచ్చిన నాట్యకత్తె నాగవల్లి హతమైనదని ఐతిహ్యం. ఆ ఇంటికి కాపురానికి వచ్చిన గంగ ఆ తాళం తీయిస్తుంది. తరువాత చీరలు కాలిపోవడం, రాత్రులు గజ్జెల చప్పుడు. ఇంటివారి అనుమానం మరొక ఆడపిల్ల మీద పడుతుంది. వైద్యుడు సన్నీ మాత్రం గంగ పుట్టింటి ఊరికి పోయి ఆమె బాల్యాన్ని విచారిస్తాడు. తల్లిదండ్రులు ఆమెను అమ్మమ్మ దగ్గర వదలి కలకత్తాలో ఉండినారు. ఒంటరి పిల్లకు అవ్వ చెప్పిన కథలే లోకము. పరీక్షల సమయంలో ఒకసారి మనస్సు చెదిరినది కూడ. చిత్రంలోని ప్రతి వింతకూ కారణం ఈ విధంగా దొరుకుతుంది. గంగ పాత్రకు శోభన జాతీయ బహుమతి పొందినది.

ఈ కథలో భయానికి కీలకం గజ్జెలు కాదు, భాష. మలయాళీ ఇల్లాలు ఉన్నట్టుండి తమిళంలో గర్జిస్తుంది. అందుచేతనే కథ ఏ భాషలోకి పోతే ఆ భాషవారికి పొరుగు భాష ఒకటి వెతకవలసి వచ్చినది. 2004లో పి. వాసు కన్నడంలో తీసిన 'ఆప్తమిత్ర'లో సౌందర్య నోట తెలుగు పలికినది. 2005లో అతడే తమిళంలో తీసిన 'చంద్రముఖి'లోను జ్యోతిక తెలుగు నాట్యకత్తెయే. ఆ చిత్రం తెలుగులోకి డబ్బింగు అయినప్పుడు తెలుగు పెట్టితే భయమేమున్నది? కాబట్టి ఆమె పాటను తమిళం చేసినారు. 2007లో ప్రియదర్శన్ హిందీలో తీసిన 'భూల్ భులయ్యా'లో ఆమె వంగదేశపు మంజులిక. ఎవరికి వారే దయ్యాన్ని పొరుగువాని భాషలో మాట్లాడించినారు!

నాట్యకత్తెకు తెలుగు పెట్టడం తమిళ చిత్రంలో ఊరక తోచినది కాదనుకుంటాను. తంజావూరు నాయకరాజుల కొలువులోను, తరువాతి మరాఠా రాజుల కొలువులోను నాట్యానికి తెలుగు పదమే ప్రాణం. క్షేత్రయ్య మొవ్వ, కూచిపూడి మన కృష్ణా జిల్లాలోనివే గదా.

ఐతే ఎన్నడూ నేర్వని భాష మనిషి మాట్లాడగలదా? ఆంగ్లకవి కోల్‌రిడ్జి 1817లో వెలువరించిన ఒక గ్రంథంలో జర్మనీలో జరిగిన ఉదంతం చెప్పినాడు. చదువురాని యువతి ఒకతె జ్వరతీవ్రతలో లాటిన్, గ్రీకు, హీబ్రూ పలుకసాగినది. పిశాచమే అన్నారు చుట్టుపక్కలవారు. ఒక యువ వైద్యుడు ఊరూరూ తిరిగి ఆమె గతాన్ని తవ్వినాడు. చిన్నతనంలో ఆమెను ఒక వృద్ధ మతబోధకుడు పెంచినాడని, ఆయన తన గ్రంథాలను ఇంట్లో తిరుగుతూ బిగ్గరగా చదివేవాడని తేలినది. చెవిన పడిన మాట మరపున పడియున్నా మాసిపోలేదు. సన్నీ వైద్యుడు చేసినదీ ఇటువంటి అన్వేషణే. తనకు తెలియకుండానే ఒకే వ్యక్తిలో వేరువేరు వ్యక్తిత్వాలు వెలువడే ఈ స్థితిని స్కిజోఫ్రీనియాతో చాలమంది కలగలుపుతారు. రెండూ వేరు వ్యాధులు.

మొదటి చిత్రంలో లోపం లేకపోలేదు. భర్తను పడుకోబెట్టిన పలకను తిప్పి, అతని స్థానంలో బొమ్మను పెట్టి, నాగవల్లి పగ తీర్పించి ఒక్క రాత్రిలో రోగం కుదిర్చినారు. వైద్యంలో అటువంటి రాత్రి లేదు. ఓపికతో నెలలు, ఏండ్లు సాగే సంభాషణ కావాలి. ఐనను ఆ ఘట్టం నాకు నచ్చినది. ఒకే ప్రేక్షకురాలి కొరకు ఆడిన నాటకమది! నాటక కంపెనీకి పేరుపడిన మైలవరంలో పుట్టినవానికి ఈ పక్షపాతం తప్పదు. మంత్రవేత్త కూడ అక్కడ వైద్యునికి సహాయకుడుగా నిలుస్తాడేగాని పైవాడుగా కాదు.

తరువాత తూకం మారినది. 'చంద్రముఖి'లో కథానాయకుని ఫైట్లు, హాస్యం పెరిగినవి. భవంతిలో పెద్ద పామొకటి చేరినది. రోగనిదానంలో ఆ పాముకు చోటెక్కడ? అది ఉన్నంతసేపూ ప్రేక్షకుడు 'ఏమో, నిజంగా ఏదో ఉన్నదేమో' అనుకొనే వీలున్నది. 2010లో పి. వాసు కన్నడంలో 'ఆప్తరక్షక'గా, తెలుగులో వెంకటేష్‌తో 'నాగవల్లి'గా తీసిన కథలో పూర్వకాలపు రాజు ఇంకా బ్రతికే ఉన్నాడు! వైద్యుడు వెతకవలసినది రోగి బాల్యాన్ని కాదు, రాజును. 2022లో వచ్చిన 'భూల్ భులయ్యా 2'లో మంజులిక అసలు దయ్యమే అయిపోయినది. కల్పన కల్పనే, దయ్యాల కథ చెప్పుకోరాదని ఎవరంటారు? నా ఫిర్యాదు వేరు. రోగికి దక్కిన జాలిని తిరిగి దయ్యం ఎత్తుకొనిపోయినది.

2001 ఆగష్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మతిచలించినవారిని ఉంచిన పాకకు నిప్పంటుకొని 28 మంది మరణించినారు. గొలుసులతో కట్టి ఉంచినందున పారిపోలేకపోయినారు. స్వస్థత కలుగుతుందని దర్గాకు తెచ్చినవారు వారు. 2017 చట్టం మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించినది.

క్రిందటి ఏడు మైలవరంలో మా వీధి కోడలు ఒకతె రాత్రులు గొంతు మార్చి అరవసాగినది. భూతవైద్యుని పిలవాలని పెద్దలు అనుకొంటూండగా ఆడబిడ్డ నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, ఆ సినిమాలో డాక్టరు ముందు వాళ్ళ పుట్టింటికి పోయి అడిగాడు గదండీ. మన వాళ్ళెవరూ వదిన పుట్టింటివాళ్ళను ఒక్క మాటైనా అడగలేదు" అన్నది. ఆమె చూచినది డబ్బింగు 'చంద్రముఖి'. మరునాడు వదినను వెంటబెట్టుకొని విజయవాడ బస్సు ఎక్కినది.