దుంకొద్దు, ఉరుకు

మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో గీత నుంచి మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు. అక్కడి నుంచి పదో హర్డిల్ దాకా ఒక్కో రెంటికీ మధ్య 8.5 మీటర్లు. చివరిది దాటాక గమ్యానికి 10.5 మీటర్లు. హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు. ఎదిగిన క్రీడాకారిణి హర్డిల్‌కు సుమారు రెండు మీటర్ల ముందే నేల విడుస్తుంది, అవతల మీటరు దూరంలో కాలు మోపుతుంది. మిగిలిన అయిదున్నర మీటర్లలో ఆమె వేసేది మూడే అడుగులు. నాలుగేస్తే ప్రతి హర్డిల్‌కూ దాటే కాలు మారుతుంది. అయిదేస్తే పరుగు చచ్చిపోతుంది. పటాన్‌చెరు బడి మైదానంలో ఏడో తరగతి పిల్ల చేత ఆ మూడడుగులు వేయించడం ఎలా? హర్డిల్స్ శిక్షణంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

తొందరపడే శిక్షకుడు కొలతల ప్రకారం హర్డిల్స్ నిలబెట్టి పిల్లను దాటమంటాడు. ఆ పిల్ల మొదటిదాని దగ్గరికి రాగానే భయంతో అడుగులు చిన్నవి చేసుకుంటుంది, ఆగి ఎగురుతుంది, దిగి మళ్లీ మొదట్నుంచి వేగం కూడగట్టుకుంటుంది. వారం తిరిగేలోపు మోకాలి చిప్ప కొట్టుకుపోతుంది, హర్డిల్స్ అంటేనే బెదురు పుడుతుంది. పని తెలిసిన వ్యాయామ ఉపాధ్యాయుడు, అదే పీడీ సార్, ముందుగా హర్డిల్స్‌నే పిల్ల దగ్గరికి తెస్తాడు. ఎనిమిదిన్నర మీటర్లకు బదులు ఆరో ఆరున్నరో. ఎత్తు మోకాలి లోపే. మరీ చిన్నవాళ్లకైతే నేల మీద సున్నం గీతే హర్డిల్. పిల్ల ఆ గీతల మీదుగా మూడడుగుల లెక్కతో పూర్తి వేగంతో పరుగెత్తడం అలవాటు చేసుకుంటుంది. ఆ తర్వాత గీత స్థానంలో కర్ర వస్తుంది, కర్ర నెమ్మదిగా పైకి లేస్తుంది, దూరం అరడుగు చొప్పున పెరుగుతుంది. లెక్క మాత్రం ఏ దశలోనూ మారదు. సార్ గొంతు చించుకుని చెప్పేది ఒక్కటే: "దుంకొద్దు బిడ్డా, ఉరుకు!"

హర్డిల్స్ అంటే ఎగురుడు అనుకునేవాళ్లే మనలో ఎక్కువ. అది పరుగుపందెం. గాలిలో ఉన్నంతసేపూ వేగం తగ్గుతూనే ఉంటుంది, నేలను తోస్తేనే పెరుగుతుంది. అందుకే ముందు కాలి మోకాలు సూటిగా పైకి రావాలి, పాదం దాని వెంట సాగి, దాటీ దాటగానే చురుగ్గా కిందికి రావాలి. ఛాతీ ముందుకు వంగి ఉండాలి. అందరినీ ఏడిపించేది వెనక కాలు. దాన్ని పక్కకు మడిచి, మోకాలిని చంక దాకా లాగి, మళ్లీ సూటిగా పరుగు దారిలోకి దింపాలి. పక్కకు దిగిందంటే నడుము తిరుగుతుంది, నడుము తిరిగితే తర్వాతి మూడడుగులూ వంకర పోతాయి. దీనికి పాత పద్ధతి ఒకటుంది. గోడకు చేతులానించి, మీటరు ఎడంగా హర్డిల్ పెట్టి, వెనక కాలొక్కటే దాని మీదుగా తిప్పడం. రోజూ ఓ ఇరవై మార్లు ఎడమ, ఇరవై మార్లు కుడి. చూసేవాళ్లకు విసుగు పుట్టించే పని. తుంటి కీలు వదులయ్యేది దాంతోనే.

మంచి శిక్షకులు కళ్లతో ఎంత చూస్తారో చెవులతో అంత వింటారు. డప్పు దరువులో ఒక్క దెబ్బ తప్పితే ఊరంతా పసిగట్టినట్టు, నేల మీద పాదాల చప్పుడు వినే సార్‌కు అయిదో హర్డిల్ దగ్గర లయ చెడిన సంగతి వీపు తిప్పి ఉన్నా తెలుస్తుంది. అందుకే చప్పట్లు కొట్టి లెక్క నేర్పుతారు: ఒకటి, రెండు, మూడు, దాటు. ఈ ప్రాంతపు బడుల్లో దీనికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనికోసం ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు తెలుగు పిల్లలతో కలిసి చదువుతున్నారు. చప్పట్ల లెక్కకు ఏ భాషా అడ్డం రాదు.

సామాను లేదన్న మాట ప్రతి బడిలోనూ వినిపిస్తుంది. ప్లంబింగ్ పైపులతో హర్డిల్స్ చేసుకోవచ్చు, చాలామంది చేసుకుంటున్నారు కూడా. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అసలు పోటీ హర్డిల్ అడుగు కాళ్లు పరుగెత్తి వచ్చేవాళ్ల వైపే చాచి ఉంటాయి. పై పట్టీకి 3.6 నుంచి 4 కిలోల బలం తగిలితే ముందుకు పడిపోవాలన్నది నిబంధన. ఇంట్లో చేసినదైనా తగలగానే పడిపోయేలా ఉండాలి. ఇటుకలు కట్టి బిగించినవీ, తిరగేసి పెట్టినవీ పిల్లల ఎముకలు విరగ్గొడతాయి.

ఈ చదువు ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే అగసర నందినిని చూడాలి. నార్సింగిలో టీ అమ్మి బతికే కుటుంబంలో పుట్టిన పిల్ల. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది, సంగారెడ్డి గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలో బీబీఏలో చేరింది. 2021లో నైరోబీలో జరిగిన ప్రపంచ అండర్-20 పోటీలకు వెళ్లింది 100 మీటర్ల హర్డిల్స్ క్రీడాకారిణిగా. రెండేళ్ల తర్వాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానంలో నిలిచిన స్వప్న బర్మన్‌కు 5708. తేడా నాలుగు పాయింట్లు. పాయింట్ల సూత్రం ప్రకారం లెక్కేస్తే, 14 సెకన్ల దగ్గర హర్డిల్స్ పరుగులో ఇది సెకనులో వందో వంతులు మూడు. 2025లో గుమి ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఆమె 5941 పాయింట్లతో స్వర్ణం అందుకుంది.

హెప్టాథ్లాన్‌లో మొదటి అంశం హర్డిల్సే. లాంగ్‌జంప్‌కు కావలసిన పరుగు కొలత, హైజంప్‌కు కావలసిన తుంటి వదులు, 200 మీటర్లకు కావలసిన వేగం, ఇవన్నీ హర్డిల్స్ నేర్చిన పిల్లకు సగం వచ్చేసినట్టే. ఈ కారణంగానే పదకొండేళ్ల పిల్లను ఒక్క అంశానికే కట్టేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. మన అథ్లెటిక్స్ సమాఖ్య కూడా అంతర్ జిల్లా జూనియర్ మీట్‌లో అండర్-14 పిల్లలకు మూడు అంశాలు కలిపిన ట్రయథ్లాన్ పెట్టింది. మంచి నిర్ణయం అది.

నందినికి శిక్షణనిచ్చిన నాగపురి రమేశ్ గారికి 2016లో ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. స్ప్రింటర్ ద్యుతీ చంద్ ఆయన దగ్గరే పరుగెత్తింది. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తి కూడా ఆయన శిష్యురాలే. గచ్చిబౌలిలో ఆయన పనిచేసిన ట్రాక్‌కూ పటాన్‌చెరుకూ మధ్య ఉన్నది అవుటర్ రింగ్ రోడ్డు మీద కొద్దిపాటి ప్రయాణం. ఆ కొద్దిపాటి దూరమే షిఫ్టు డ్యూటీ చేసే తల్లిదండ్రులకు చాలా పెద్దది. ఉదయం ఆరింటికి షిఫ్టు ఎక్కాల్సిన తండ్రి పిల్లను ఏ వేళకు ట్రాక్‌కు తీసుకెళ్లగలడు? అందుకే ఈ ఫ్యాక్టరీ బెల్టులో పిల్లల మొదటి మూడు నాలుగేళ్ల శిక్షణ బడి మైదానంలోనో, పటాన్‌చెరు మైత్రి స్టేడియంలోనో, సంగారెడ్డి అంబేడ్కర్ స్టేడియంలోనో జరగాలి. గురుకులాలకు ఉన్న పెద్ద బలం ఇదే. పిల్ల అక్కడే పడుకుంటుంది, అక్కడే తింటుంది, నిద్ర లేచి మైదానంలోకి వస్తుంది.

ఇప్పుడు స్ప్రింట్ సంగతి. మన బడుల్లో వేగం నేర్పడానికి చేసే మొదటి పని మైదానం చుట్టూ పది రౌండ్లు కొట్టించడం. దాంతో ఓపిక వస్తుంది, వేగం రాదు. కండరంలో తక్షణం అందే శక్తి ఏడెనిమిది సెకన్లలో కరిగిపోతుంది. మళ్లీ నిండాలంటే విశ్రాంతి కావాలి. పది మీటర్ల పూర్తి వేగపు పరుగుకు ఒక నిమిషం విరామం అన్నది కోచ్‌లలో వాడుకలో ఉన్న లెక్క. 30 మీటర్లు ఉరికితే మూడు నిమిషాలు ఆగాలి. బడిలో పిల్లలు ఎక్కువ, సమయం తక్కువ కదా అంటారు. నిజానికి అదే మేలు. నలభై మంది పిల్లలు, నాలుగు వరసల సున్నం గీతలు. ఇరవై సెకన్లకో జట్టు బయల్దేరితే, ఒక్కొక్కరి వంతు మళ్లీ వచ్చేసరికి మూడు నిమిషాలు దాటుతుంది. క్లాసు దానంతటదే సరైన స్ప్రింట్ శిక్షణ అవుతుంది.

బ్లాక్స్ లేకున్నా స్టార్ట్ నేర్పవచ్చు. ముందు పాదం గీతకు రెండు పాదాల దూరంలో, వెనక పాదం మూడు పాదాల దూరంలో. "సెట్" అన్నప్పుడు ముందు మోకాలు దాదాపు లంబకోణంలో, నడుము భుజాల కన్నా కాస్త పైకి. మొదటి ఎనిమిది పది అడుగుల దాకా తల ఎత్తకూడదు, నేలను వెనక్కి తోస్తూ పోవాలి. పిల్లలంతా చేసే తప్పు మొదటి అడుగులోనే నిలువుగా లేచి నిలబడటం. నాలుగు కాళ్ల మీద పాకే స్థితి నుంచి పరుగు తీయించే ఆటలు ఆడిస్తే వివరణ అవసరం లేకుండానే ఒళ్లు నేర్చుకుంటుంది. మోకాళ్లు ఎత్తుతూ చేసే ఏ-స్కిప్, బీ-స్కిప్ కసరత్తులు పోలండ్ కోచ్ జెరార్డ్ మాక్ పుణ్యమా అని ప్రపంచమంతా పాకాయి. మన పిల్లలు వాటిని డ్యాన్సులా చేసేస్తున్నారు, పాదం నేలను కొట్టే తీరు చూసే పెద్దవాళ్లు పక్కన లేకపోవడం వల్ల. తప్పుగా వంద చేసేకన్నా సరిగ్గా పది చాలు.

ఈ ప్రాంతంలో శిక్షకుడు వాతావరణాన్నీ చదవాలి. శీతకాలంలో హైదరాబాద్ చుట్టుపక్కల అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో పటాన్‌చెరు ఒకటి. చల్లని వేకువలో గాలి నేలను అంటిపెట్టుకుని కదలదు, పొగా వాసనా దాంతోపాటే నిలిచిపోతాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాలు గుర్తించినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం ఆ జాబితాలో ఉంది. తెల్లారకముందే పిల్లల్ని లేపి పరుగెత్తించడం క్రమశిక్షణ అనుకుంటాం. ఆ గాలిలో, బిగుసుకున్న కండరాలతో పూర్తి వేగం తీయించడం పిల్లల ఊపిరితిత్తులకూ, తొడ వెనక కండరాలకూ అన్యాయం. ఇక్కడ చలికాలపు స్ప్రింట్ సాధన సాయంత్రానికి మార్చాలి. ఎండాకాలంలో లెక్క తిరగబడుతుంది.

తిండి గురించి కూడా మాట్లాడాలి. తెలంగాణలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పరుగులో వెనకబడిన పిల్లను బద్ధకమని తిట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. నెలసరి గురించి సంకోచం లేకుండా అడిగే మేడమ్ ఒకరు మైదానంలో ఉండాలి. మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు గుడ్లు వస్తున్నాయి. పరుగు నేర్చే పిల్లకు అవి చాలవు.

ఆడపిల్లలు పన్నెండు ప్రాంతంలో, మగపిల్లలు పద్నాలుగు ప్రాంతంలో ఉన్నట్టుండి పొడుగవుతారు. కాలు పెరుగుతుంది, అలవాటైన అడుగు కొలత తప్పుతుంది, మోకాలి కిందా మడమ దగ్గరా నొప్పి మొదలవుతుంది. నిన్నటిదాకా చక్కగా దాటిన పిల్ల ఇవాళ హర్డిల్ తన్నేస్తుంది. అప్పుడు చేయాల్సింది సాధన బరువు తగ్గించి, సున్నం గీతల దగ్గరికి మళ్లీ వెళ్లడం. జిల్లా మీట్ దగ్గరపడిందని ఆ సమయంలోనే ఒత్తిడి పెంచితే అక్కడితో ఆ పిల్ల ఆట ముగుస్తుంది. ముందే ఎదిగిన పిల్ల పద్నాలుగేళ్లకు గెలుస్తుంది, ఆలస్యంగా ఎదిగే పిల్ల ఓడిపోతుంది. ఆ ఫలితాన్ని బట్టి ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో తేల్చేయడం మన దగ్గర జరిగే పెద్ద నష్టం.

ఎర్రాజీ జ్యోతి కథలో ఓపిక విలువ స్పష్టంగా కనబడుతుంది. విశాఖపట్నంలో సెక్యూరిటీ గార్డు కూతురు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుల కంట పడింది, హైదరాబాద్‌లో రమేశ్ గారి దగ్గర, తర్వాత గుంటూరులో, 2019 నుంచి భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ దగ్గర నేర్చుకుంది. 2020 జనవరిలో మూడబిద్రిలో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరుగెత్తితే డోప్ పరీక్ష జరగలేదని జాతీయ రికార్డుగా లెక్కించలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 తీస్తే వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది. అనుమతించేది 2.0 మాత్రమే, కనుక అదీ పోయింది. నెల తిరిగేసరికి సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23తో, 2002 నుంచి నిలిచిన అనురాధా బిస్వాల్ 13.38 రికార్డును చెరిపింది. 2023 ఆగస్టులో చెంగ్డూలో 12.78. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగు నిండవస్తున్నాయి. పద్నాలుగేళ్లప్పుడు ఆమెను గడియారంతో కొలిచి వదిలేసి ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

పోటీ రోజును కూడా నేర్పాలి. బస్సు దిగిన పిల్లకు కాల్ రూమ్ అంటే ఏమిటో, బిబ్ నంబర్ ఎక్కడ పెట్టుకోవాలో, హీట్స్ నుంచి ఫైనల్‌కు ఎలా ఎంపిక చేస్తారో తెలియకపోతే సగం శక్తి అక్కడే పోతుంది. తుపాకీ మోగాక సెకనులో పదో వంతు లోపు కదిలితే ఫౌల్. హాంగ్‌జౌ ఆసియా క్రీడల హర్డిల్స్‌లో చైనా క్రీడాకారిణి ముందే కదిలినప్పుడు అధికారులు మొదట జ్యోతిని కూడా తప్పించబోయారు. ఆమె తాను తప్పు చేయలేదని నిలబడి అడిగింది, పరుగెత్తింది, చివరికి రజతం అందుకుంది. నిబంధన తెలిసినవాళ్లే అలా అడగగలరు. అండర్-16 పిల్లకు కూడా రూల్ బుక్ తెలుగులో చదివి వినిపించాలి.

చివరగా ఒక ప్రతిపాదన. ఈ పిల్లలు ఒక్కచోట ఉండరు. తండ్రి ఫ్యాక్టరీ మారితే ఊరు మారుతుంది, ఎంపికైతే గురుకులానికో హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌కో పోతారు. కొత్త కోచ్ మొదట్నుంచి మొదలుపెడతాడు, ఒక్కోసారి వచ్చిన లయను చెడగొడతాడు. ప్రతి పిల్ల వెంట ఒక నోట్‌బుక్ వెళ్లాలి. ఏ నెలలో ఎంత ఎత్తు, హర్డిల్స్ మధ్య ఎంత దూరం దాకా మూడడుగులు కుదిరాయి, ఏ కాలు ముందు, మొదటి హర్డిల్‌కు ఎనిమిది అడుగులా తొమ్మిదా, ఎప్పుడు ఎక్కడ నొప్పి చేసింది, హిమోగ్లోబిన్ ఎంత. పది రూపాయల నోట్‌బుక్ చాలు. జిల్లా క్రీడా అధికారులు దీన్ని వచ్చే సీజన్ నుంచే మొదలుపెట్టవచ్చు. పీడీ సార్లు చాలామంది ఇదంతా ఇప్పటికే గుర్తుంచుకునే ఉన్నారు, రాసిపెట్టమని అడిగేవాళ్లే లేరు.